బస్సు తిరిగే చోటు

మా డిపోలో కొంతకాలం బస్సులు బయలుదేరే ముందు డ్రైవర్లు కళ్ళు మూసుకునేవాళ్ళు. కంగారు పడకండి, సీట్లో కూర్చోకముందే. తెల్లవారుజాము బస్సులు పోగా మిగిలిన డ్రైవర్లను, కండక్టర్లను, మెకానిక్కులను రేకుల షెడ్డు కింద పట్టాల మీద కూర్చోబెట్టి మా డిపో మేనేజరు రోజూ చేయించిన పని అది. దాన్ని ఆయన ఆత్మపరిశీలన అనేవాడు. కాసేపు కళ్ళు మూసుకుని లోపలికి చూసుకోవాలి. తర్వాత ఒక్కొక్కరే లేచి ఆ రోజుకు తమ సంకల్పం ఏమిటో అందరికీ వినబడేలా చెప్పాలి.

నేను ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊళ్ళ మధ్యే ఉద్యోగమంతా తిరిగి రిటైరయ్యాను. బస్సు నడపలేదు, టికెట్టు కొట్టలేదు. ఏ బస్సు ఏ వేళకు ఏ పల్లెకు పోవాలో చూసే సూపర్‌వైజరును. అంటే, బస్సు వస్తే జనం డ్రైవరుకు దండం పెడతారు, రాకపోతే నన్ను తిడతారు. ఈ సంగతి ఏ డిపోలో జరిగిందో మాత్రం చెప్పను. చెబితే మిగతా రెండు ఊళ్ళవాళ్ళు, ఇంతకంటే ఘోరాలు మా దగ్గర జరిగాయంటూ పోటీకి వస్తారు. శిక్షణ తరగతుల్లో పెద్ద తెర మీద రంగు రంగుల బొమ్మలు చూసి, కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీకు పనికొస్తుందో లేదో తెలియదు. నాకు మాత్రం తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది.

మా మేనేజరు కోస్తా నుంచి వచ్చినవాడు, కుర్రవాడు, బాగా చదువుకున్నవాడు. ఎవరినీ ఏకవచనంలో పిలిచేవాడు కాదు. ఆయన 'అండీ' అన్నప్పుడల్లా మా మెకానిక్కులు వెనక్కి తిరిగి, తమ వెనక ఇంకెవరైనా పెద్దమనిషి ఉన్నాడేమోనని చూసుకునేవాళ్ళు. మనిషి మంచివాడే. కాకపోతే ఆలోచన మీద ఆయనకు విపరీతమైన నమ్మకం. బ్రేకులు సరిగ్గా పడడం లేదని చెబితే, ముందు మనం ఎక్కడ తప్పుతున్నామో ఆలోచిద్దామండీ అనేవాడు. బ్రేకులు పడనివాడికి ఆలోచించే వ్యవధి ఎక్కడిది?

ఆ షెడ్డు కింద మా వాళ్ళ సంకల్పాలు వినాలి మీరు. రాత్రంతా పనిచేసిన మెకానిక్కులు కళ్ళు మూయమనగానే నిద్రపోయేవాళ్ళు. ఒకాయన గురక పెడితే, ఎంత లోతుకు వెళ్ళాడో చూడండి అని మేనేజరు మెచ్చుకున్నాడు. మా సీనియర్ డ్రైవరు ఒకాయన ఉండేవాడు. పొట్ట స్టీరింగుకు ఆనుకునేంత మనిషి. ఆయన నోటికి జడిసి లారీలవాళ్ళు కూడా దారి ఇచ్చేవాళ్ళు. ఆయన రోజూ లేచి, "ఈ పొద్దు ఎవరినీ తిట్టను సార్" అని చెప్పేవాడు. డిపో గేటు దాటే లోపలే ఆ సంకల్పానికి ఆయుష్షు తీరిపోయేది, ఎందుకంటే గేటుకు అడ్డంగా ఎప్పుడూ ఎవరో ఒకరు మోటారు సైకిలు పెట్టి ఉండేవారు.

ఇక అసలు సంగతి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మధ్య రోడ్డు మీద ఒక క్రాసు ఉంది. అక్కడి నుంచి లోపలికి, కిలోమీటరు పైమాటే, ఒక పల్లె. దారి పొడుగునా రెండు పక్కలా తలెత్తు కంపచెట్లు. ఆ ఊరి నుంచి కొందరు ఆడపిల్లలు ప్రొద్దుటూరు కాలేజీకి పోయి చదువుకునేవాళ్ళు. పొద్దున వెలుతురులో క్రాసు దాకా నడిచి బస్సెక్కుతారు, దానికి ఇబ్బంది లేదు. సాయంత్రం తిరిగొచ్చి క్రాసులో దిగేసరికి మసక పడుతుంది. ఆటోలు ఆ వేళకు లోపలికి రావు, తిరిగి ఖాళీగా పోవాలి కాబట్టి. ఒకప్పుడు ఆ ఊళ్ళోకి మా బస్సు పోయేది. దాన్ని ఆపేశారు.

ఎందుకు ఆపారంటే, బస్సు తిరగడానికి చోటు లేక కాదు. రెండు చోట్లు ఉండడం వల్ల. ఊరికి తూర్పున ఒక పెద్దాయన కళ్ళం ఉంది, పంట నూర్చుకునే విశాలమైన చదును. పడమర ఇంకొక పెద్దాయన కళ్ళం, అదీ అంతే. ఇద్దరూ ఒక తాత మనుమలే, దాయాదులు. బస్సు తూర్పు కళ్ళంలో తిరిగితే పడమటివాళ్ళు దారికి రాళ్ళు పెట్టారు. పడమర తిరిగితే తూర్పువాళ్ళు ఎద్దులబండి అడ్డం పెట్టారు. మీరు ఇంకోలా అనుకోకండి. మా స్థలంలో తిరగొద్దని కాదు, మా స్థలంలోనే తిరగాలని. ఇద్దరూ ఇస్తామనే తగువు. ఇవ్వనని పోట్లాడేవాళ్ళను చాలామందిని చూశాను కానీ, ఇస్తామని తలలు పగలగొట్టుకునేదాకా వచ్చినవాళ్ళను ఆ ఊళ్ళోనే చూశాను.

వేసవి సెలవులు అయిపోగానే డిగ్రీ రెండో ఏడాది చదివే ఒక అమ్మాయి డిపోకు వచ్చింది. నాన్న కౌలుకు సేద్యం చేస్తాడు, నాలుగు గొర్రెలు ఉన్నాయి. ఆ రెండు పెద్ద కుటుంబాల్లో దేనికీ చెందినవాడు కాదు. అమ్మాయి మాట ఒక్క ముక్కలో చెప్పింది.

"సార్, దసరా దాటితే బిరీన మబ్బైపోతాది. మబ్బులో కంపల్లో నడిసొచ్చే పనైతే సదువొద్దు అంటాండాడు మా నాయన. సాయంత్రం బస్సు ఊర్లేకి రావల్ల."

మబ్బంటే మా వైపు చీకటని నేను చెప్పాక మేనేజరు చలించిపోయాడు. నిజంగానే. ఆ రోజే తెల్ల చార్టు, రంగు పెన్సిళ్ళు తెప్పించాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా కూర్చుని కార్యాచరణ ప్రణాళిక తయారు చేశాడు. ఊరి పటం ఆకుపచ్చలో, కళ్ళాలు పసుపులో, మనస్పర్థలు ఎర్రటి చారల్లో వేశాడు. మొదటి దశ పరిశీలన, రెండో దశ ఏకాభిప్రాయం, మూడో దశ ప్రయోగం. కింద గడులు. ఏమి చేయాలి, ఎందుకు చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పుడు చేయాలి. 'ఎవరు' అన్న గడిలో నా హోదా రాశాడు. 'ఎప్పుడు' అన్న గడిలో 'త్వరలో' అని రాశాడు. మన ఆఫీసుల్లో ఆ మాట రాసిన కాగితానికి తిరుగుండదు. ఎవరూ తప్పు పట్టలేరు, ఎవరికీ నొప్పి ఉండదు. చార్టు గోడకెక్కింది. వచ్చిన అధికారులందరికీ ఆయన దాన్ని చూపించాడు, అందరూ బాగుందన్నారు.

ఏకాభిప్రాయం కుదర్చడానికి నేను ఆ ఊరికి పోయాను. ఒకసారి కాదు, ఆ వానాకాలమంతా పోతూనే ఉన్నాను. తూర్పింటి పెద్దాయన మంచం వేయించి కూర్చోబెట్టాడు.

"మా అబ్బ కాలం నుంచీ ఈ ఊరికొచ్చిన చెనిక్కాయల లారీలన్నీ మా కళ్ళంలోనే తిరిగినాయప్పా. ఇప్పుడు బస్సు ఇంగోచోట తిరిగితే, చచ్చిపోయిన మా అబ్బకు ఏం జవాబు చెప్పల్ల నేను?"

సంగటి, నాటుకోడి పెట్టించాడు. తిని పడమటింటికి పోతే, ఆ పెద్దాయన మొదట అడిగింది, "ఆడ తిన్నావంట గదా?" అని. ఇక ఇక్కడ తినకపోతే పక్షపాతం. మళ్ళీ సంగటి, మళ్ళీ కోడి.

"స్థలం మేమిస్తామప్పా. రిజిస్టరు చేసిస్తా, యా ఆఫీసుకు రమ్మంటావో చెప్పు. బస్సు వాళ్ళ కళ్ళంలో తిరిగి, మా గడప ముందర పొగ ఇడిసిపోతే మాకేం మర్యాదుంది?"

సర్కారు పని మీద అంత కోడి తిన్న ఉద్యోగి ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు. ఇంటికొచ్చి మా ఆవిడ మజ్జిగ ఇస్తే తాగి పడుకునేవాణ్ణి. చివరికి ఇద్దరితో కలిపి ఒక కమిటీ వేశాం. కమిటీ ఎక్కడ కూర్చోవాలన్న దగ్గర తేడా వచ్చింది. సరిగ్గా వీధి మధ్యలో చాపలు వేశాం. చాప తూర్పుకు రవ్వంత జరిగి ఉందని పడమటివాళ్ళు లేచిపోయారు. నేను డిపోకు వచ్చి చెబితే, మేనేజరు చార్టు మీద రెండో దశ దగ్గర 'పురోగతిలో ఉంది' అని రాశాడు.

దసరా వచ్చింది, పోయింది. కాలేజీలు తెరిచిన రోజు పొద్దున, మేమంతా షెడ్డు కింద కళ్ళు మూసుకుని ఉన్నాం. నేను సగమే మూసేవాణ్ణి కాబట్టి ముందు చూసింది నేనే. ఆ అమ్మాయి వచ్చి మేనేజరు ఎదురుగా నిలబడింది. గాజుల చప్పుడు విని ఆయన కళ్ళు తెరవకుండానే మెల్లగా, "కూర్చోండమ్మా, ఇంకాసేపే" అన్నాడు. ఆ పిల్ల అటూ ఇటూ చూసి మెకానిక్కుల పక్కన కూర్చుంది. అందరూ కళ్ళు తెరిచాక ఒక్కొక్కరే సంకల్పం చెప్పుకుంటూ వచ్చారు. డ్రైవరు ఎవరినీ తిట్టనన్నాడు. ఆమె వంతు వచ్చింది. లేచింది.

"మా నాయన ఈ పొద్దు కాలేజీలో టీసీ తీసుకొని వచ్చెయ్యమన్నాడు సార్. ఊర్లేకి బస్సొస్తే మాత్రం వద్దన్నాడు. అందుకే పోతాపోతా ఈడికొచ్చినా. నాకు సంకల్పం గింకల్పం తెలీదు. సాయంత్రం బస్సు వస్తాదా రాదా, అది చెప్పండి."

మేనేజరు నావైపు చూశాడు. నేను గోడ మీద చార్టు వైపు చూశాను. దాని మూల ఊడి, గాలికి కొట్టుకుంటోంది.

"టీసీ తీసుకోకండమ్మా," అన్నాడాయన. "వస్తుంది. సాయంత్రం ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సెక్కండి. నేనూ అందులోనే ఉంటాను."

ఆ పిల్ల పోయాక నేను ఆయన గదిలోకి పోయి, సార్, బస్సు ఎక్కడ తిరుగుతుంది అని అడిగాను. తెలియదండీ అన్నాడు. అన్ని నెలల్లో ఆయన నోటి నుంచి ఆ మాట వినడం అదే మొదలు. నాకు భయమేసింది, నిజం చెప్పాలంటే కొంచెం ముచ్చట కూడా వేసింది.

సాయంత్రం బస్సు నిండా జనం. మేనేజరు, నేను, బక్క కండక్టరు, పొట్ట డ్రైవరు. వెనక సీట్లలో ఆ ఊరి ఆడపిల్లలు. మిగతావాళ్ళంతా జమ్మలమడుగు పోయేవాళ్ళు, వాళ్ళకేమీ తెలియదు. క్రాసు వచ్చింది. డ్రైవరు బస్సు పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు.

"చెప్పండి సార్. యాడ తిప్పల్ల? తూరుప్పక్కనా, పడమటి పక్కనా? యా పక్క తిప్పినా రాయి పడేది నా అద్దం మీదే."

మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. ఇక్కడ కూడా మొదలుపెట్టాడురా నాయనా అనుకున్నాను. ఇంజను గడగడలాడుతోంది, వెనక నుంచి జనం గొణుగుతున్నారు, బయట పొద్దు కుంగుతోంది. ఇన్నాళ్ళు పట్టాల మీద చల్లగా కూర్చుని ఆలోచిస్తే రానిది, ఆ గోలలో ఆయనకు వచ్చింది.

"అసలు ఊళ్ళో తిప్పకపోతే ఏమండీ?" అన్నాడు కళ్ళు తెరిచి. "ఇక్కడే తిప్పేద్దాం. ఇక్కడ ఎవరి కళ్ళమూ లేదు కదా. తిప్పి, వెనక్కి వెనక్కే ఊళ్ళోకి పోదాం. వచ్చేటప్పుడు నేరుగా వచ్చేయొచ్చు."

డ్రైవరు అర్థం చేసుకోవడానికి కాస్త సమయం తీసుకున్నాడు. అర్థమయ్యాక అన్న మాట ఇక్కడ రాయలేను. ఆ రోజు సంకల్పం మళ్ళీ ఒకసారి విరిగిందని మాత్రం చెబుతాను. కానీ గేరు వేశాడు.

కిలోమీటరు పైన రివర్సు. కండక్టరు విజిలు నోట్లో పెట్టుకుని బస్సు వెనక నడిచాడు, అంటే ఆ రోజుకు అదే ముందు. మేనేజరు మెరిసే బూట్లతో ఆయన పక్కన నడిచి, దారికి వంగిన కంపకొమ్మలు చేత్తో పక్కకు లాగాడు. నేను చివరి కిటికీలోంచి సగం బయటికి వేలాడి, "రానీ, రానీ, రోంత ఎడంపక్క, రానీ" అని అరిచాను. జమ్మలమడుగుకు చీరల మూటలతో పోతున్న బట్టల వ్యాపారి ఒకాయన లేచి నిలబడ్డాడు.

"ఏందప్పా ఇది? జమ్మలమడుక్కు టికెట్టిచ్చి ఎనక్కు తోల్కపోతాండారు? మళ్ళా ప్రొద్దుటూరుకే పోతాందా ఏంది?"

ఆడపిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి ఊరివైపే చూస్తూ కూర్చుంది. ఆమెకు ఆ బస్సు ఊరు చేరడం ఒక్కటే కావాలి, ఏ గేరులోనైనా సరే.

బస్సు వస్తోందన్న కబురు ముందే పోయినట్టుంది. ఊరంతా వీధిలో ఉంది. తూర్పు పెద్దాయన తన మనుషులతో ఒక వైపు, పడమటి పెద్దాయన తన మనుషులతో ఇంకోవైపు, ఏ కళ్ళంలోకి పోతుందో చూసి తగువు మొదలుపెట్టడానికి సిద్ధంగా నిలబడ్డారు. బస్సు ఎటూ పోలేదు. వీధి మొదట్లో, వెనక భాగం ఊరికి పెట్టి, ఆగిపోయింది.

ఇద్దరికీ ఏం చేయాలో తోచలేదు. రాళ్ళు వేయడానికి కారణం కావాలి కదా. తూర్పు పెద్దాయనకు ముందు దొరికింది.

"ఏం సార్, మా ఊరికి ముడ్డి సూపిచ్చేకి వచ్చినారా?"

"అదే నేనూ అడగాలనుకుంటాండా," అన్నాడు పడమటి పెద్దాయన. "ఇట్లాంటి అవమానం యా ఊర్లోనన్నా జరిగిందా? యా ఊర్లోనన్నా బస్సు ముఖం పెట్టుకొని వస్తాది!"

ఒకరి మాటను ఒకరు బలపరచడం వాళ్ళ జన్మలో అదే మొదటిసారి అయ్యుండాలి. ఇద్దరి మనుషులూ కలిసి ముందుకు వచ్చారు. చాలామంది నోళ్ళు ఒకేసారి లేచాయి. మేనేజరు చేతుల నిండా ముళ్ళ గీతలతో, బూట్ల నిండా బురదతో నిలబడి ఏదో చెప్పబోయాడు, ఎవరూ వినలేదు. ఈ గొడవతో బస్సు రేపటి నుంచి రాదు, ఆ పిల్ల చదువు ఇక్కడితో ఆఖరు అనుకున్నాను. గుంపు వెనక ఆ అమ్మాయి నాన్న కనిపించాడు. భుజం మీద తుండుగుడ్డ, చేతిలో గొర్రెల కర్ర. ఏమీ మాట్లాడడం లేదు. అలాంటివాణ్ణి అక్కడ ఎవరూ మాట్లాడనివ్వరు కూడా.

అప్పుడు ఆ అమ్మాయి బస్సు దిగింది. సరాసరి ఇద్దరు పెద్దాయనల మధ్యకు వచ్చి నిలబడింది.

"ముడ్డో మూతో, ఇంటికి తెచ్చింది గదా మామా. జరగండి రోంత, ఆకలైతాంది."

ఎవరో ఆడమనిషి పకాలున నవ్వింది. తూర్పు పెద్దాయన భార్యేనని తర్వాత తెలిసింది. దాంతో వీధిలో ఆడవాళ్ళంతా అందుకున్నారు. అన్ని నవ్వుల మధ్య మీసం మీద చేయి వేసుకుని నిలబడడం ఎంత పెద్దరైతుకైనా కష్టం. ఇద్దరూ ఒకేసారి పక్కకు జరిగారు. మిగతా పిల్లలు బిలబిలా దిగిపోయారు. మూటలాయన కిటికీలోంచి, "దిగినారు గదా, ఇంగ ముందుకన్నా పోనీ సామీ" అని వేడుకున్నాడు.

అమ్మాయి నాన్న మెల్లగా ముందుకు వచ్చాడు. ఆకాశం వైపు చూశాడు. ఇంకా రవ్వంత వెలుతురు మిగిలి ఉంది. నన్ను అడిగాడు.

"రేపు గూడా వస్తాదా సార్?"

నేను మేనేజరును చూశాను, మేనేజరు డ్రైవరును చూశాడు. డ్రైవరు మెడ రుద్దుకుంటూ, "వస్తాది. నా మెడ ఈ ఊర్లోనే రాలిపోయేట్టుంది గానీ, వస్తాది" అన్నాడు.

వచ్చింది. ఆ చలికాలమంతా రోజూ వెనక్కే వచ్చింది. మరుసటి వారమే కంపలు కొట్టించారు. రివర్సులో బస్సు నడపకూడదని నిబంధనల పుస్తకంలో ఎక్కడైనా ఉందేమోనని నేను వెతికాను. అంత దూరం రివర్సులో పోయే పిచ్చివాళ్ళు ఉంటారని ఆ రాసినవాళ్ళకు తట్టినట్టు లేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ ఊరి పెళ్ళిళ్ళకు వచ్చి, మీ ఊరికి మేమూ ఎనక్కు నడిసి రావల్నా అని ఆట పట్టించారట. ఆ ఎగతాళి పడలేక ఎండాకాలానికి ముందు పెద్దాయనలిద్దరూ, ఒకరికి తెలియకుండా ఒకరు, డిపోకు వచ్చి బస్సును ముఖంతో పంపమని అడిగారు. ఎక్కడ తిప్పమంటారు అంటే ఇద్దరూ మీ ఇష్టం అన్నారు. అవతలివాడి కళ్ళంలో తిప్పుకోమని నోటితో అనలేరు కదా, పాపం. పొద్దున కూడా ఒక బస్సు వేసి, దాన్ని ఒక కళ్ళంలో, సాయంత్రం బస్సును ఇంకొక కళ్ళంలో తిప్పాం. మేనేజరుకు బదిలీ అయింది. పోయేముందు నివేదికలో 'ప్రణాళిక మూడో దశ విజయవంతం' అని రాసుకున్నాడు. నేను సంతకం పెట్టాను. నాకు ఆయన మీద కోపం లేదు, ఇప్పటికీ ఇష్టమే. చార్టు గీసిన అధికారులను ఎందరినో చూశాను, కంపలు చేత్తో పట్టుకున్నవాణ్ణి ఆయన ఒక్కణ్ణే చూశాను. పిల్లలూ, మీరు కూడా కళ్ళు మూసుకుని ఆలోచించండి, చార్టులు గీయండి, నేను వద్దనడం లేదు. 'ఎప్పుడు' అన్న గడిలో మాత్రం ఎవరికైనా భయపడి అయినా సరే, ఒక పూట పేరు రాయండి.

ఆయన బదిలీ అయిన కొన్నాళ్ళకు, ఒక పొద్దున ఆ ఊరి బస్సు టైరు పంక్చరై ఆలస్యమైంది. మధ్యాహ్నం లోపల ఆ అమ్మాయి నాన్న డిపోకు వచ్చాడు. ఎవరిదో మోటారు సైకిలు అడిగి తీసుకుని, కూతుర్ని పరీక్షకు దింపి, అటు నుంచి అటే నా టేబుల్ ముందుకు వచ్చాడు. ఆ రోజు గుంపు వెనక నోరు విప్పని మనిషి, డిపో అంతా లేచి చూసేలా అరిచాడు.

"ఏం సామీ, ఏమనుకుంటాండారు మీరు? పరీచ్చల కాలంలో బస్సు ఇట్ల చేస్తే ఎట్ల? పిల్లకు ఒక్క పరీచ్చ పోతే మీరు జవాబు చెప్తారా? మళ్ళా ఇట్ల జరిగితే కలెక్టరు కాడికి పోతా. దాని సదువు ఈడితో అయిపోలేదు, ఇంగా ఎమ్మెస్సీకి పోవల్ల!"

నేను నీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపాను. "ఎమ్మెస్సీ చదవాలని ఎవరు చెప్పారప్పా?" అని అడిగాను.

"ఎవరు చెప్పేదేంది?" అన్నాడాయన. "నేనే చెప్తాండా."